లూర్దు తల ఊపేదాకా

తిరుపతి వెళ్ళొచ్చానంటే మా వీధిలో అందరూ ముందు నా తల వైపు, తర్వాత నా సంచీ వైపు చూశారు. తల మీద జుట్టు అలాగే ఉంది, సంచీలో లడ్డు లేదు. నాలుగు రోజులు ఆ చుట్టుపక్కల తిరిగి, కొండ ఎక్కకుండా తిరిగొచ్చిన మనిషిని ఏమనాలో ఎవరికీ తోచలేదు. పక్కింటి సుబ్బలక్ష్మి గారు మాత్రం మొహమాటపడకుండా, "మరి ఎందుకెళ్ళినట్టండీ?" అని అడిగేశారు. గుమ్మంలో నిలబడి చెప్పేంత చిన్న జవాబు కాదు కాబట్టి కూర్చుని రాస్తున్నాను.

నేను గుంటూరు వైపు పల్లె బళ్ళలో ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పి రిటైరైన దాన్ని. మాది కతోలిక కుటుంబం. పిల్లలను గుడిలో కూర్చోబెట్టి జపాలు, దేవుని ఆజ్ఞలు, బైబిలు కథలు నేర్పే తరగతిని మేము సత్యోపదేశం అంటాం. ఆ తరగతి చెప్పేవాళ్ళు ఎక్కువమంది కూలికో ఉద్యోగానికో పోతూ, మిగిలిన పూట పిల్లలకిచ్చే మామూలు మనుషులు. వాళ్ళకు పాఠం చెప్పే తీరు నేర్పడానికి, పిలిచిన ఊరికల్లా వెళుతుంటాను. వెళ్ళేటప్పుడు రెండు చీరలు, మోకాళ్ళ నొప్పులకు నూనె, ఒక ఎర్ర పెన్ను పెట్టుకుంటాను. ఆ పెన్ను గురించి మా పాత విద్యార్థులను అడిగితే నాకంటే బాగా చెబుతారు.

ఈసారి పిలుపు సత్యవేడు అవతల నుంచి వచ్చింది. అక్కడి చిన్న గుడిలో టీచర్లకు రెండు రోజుల శిక్షణ ఇవ్వాలి. దాంతోపాటు ఆదివారం మొదటిసారి దివ్యసత్ప్రసాదం, అంటే పూజలో ఇచ్చే పవిత్రమైన అప్పం, తీసుకోబోయే తొమ్మిది మంది పిల్లలను పరీక్షించి, సిద్ధంగా ఉన్నారో లేదో చెప్పాలి. మా పిల్లలకు ఆ రోజు పెళ్ళంత పండగ. తెల్లబట్టలు కుట్టిస్తారు, చుట్టాలను పిలుస్తారు. అందుకే ఆ పరీక్షను నేను తేలిగ్గా తీసుకోను.

తిరుపతి: తెగిన చెప్పు

గురువారం పొద్దున తిరుపతి స్టేషన్ బయట అడుగు పెట్టగానే ఒక ఆటో అబ్బాయి నా సంచీ అందుకోబోయాడు.

"కొండకేనామ్మా?"

"కాదు నాయనా, బస్టాండుకి. సత్యవేడు పోవాలి."

"దర్శనం అయిపోయినాదా?"

"లేదు."

"అట్లయితే కొండకు పోకుండా సత్యవేడు ఎందుకమ్మా? ఆడేముండాది?" అని నిజంగా బాధపడ్డాడు. సత్యవేడులో నాకు పనుందని చెప్పినా సమాధానపడలేదు. ఎనభై రూపాయలు తీసుకుని దింపేటప్పుడు కూడా, వచ్చేటప్పుడైనా చూసుకుని పొమ్మని హితవు చెప్పాడు.

బస్టాండులో నా కుడికాలి చెప్పు పట్టీ తెగింది. రెండు చెప్పులూ చేత్తో పట్టుకుని, సత్యవేడు బస్సు ఆగే చోటు వెతుక్కుంటూ వట్టికాళ్ళతో నడిచాను. గుండ్లు చేయించుకున్న కుటుంబం ఒకటి బెంచీ మీద కూర్చుని ఇడ్లీలు తింటోంది. అందులో పెద్దావిడ నా కాళ్ళు చూసి పక్కకు జరిగింది.

"రామ్మా, కూసో. మెట్లెక్కి పోతా ఉండావా?"

"లేదమ్మా, చెప్పు తెగింది."

ఆవిడ నా చేతిలోని చెప్పుల వైపు చూసింది. "అది గూడా ఆయన పనే," అంది. నా మెడలో జపమాల కనబడుతూనే ఉంది, అయినా ఆవిడకు అడ్డం రాలేదు. రెండు ఇడ్లీలు ఆకులో పెట్టి ఇచ్చింది. మా వైపు బస్టాండుల్లో పరాయి మనిషికి చోటు ఇస్తారు గానీ ఇడ్లీ ఇవ్వరు. నేను తిన్నాను.

పుత్తూరులో పది నిమిషాలు

బస్సులో కండక్టరు నా ఆధారు కార్డు చూసి సున్నా టికెట్టు చేతిలో పెట్టాడు. ఆడవాళ్ళకు డబ్బు లేకుండా ప్రయాణం వచ్చాక బస్సుల్లో కబుర్లు పెరిగినట్టున్నాయి. పుత్తూరు దాకా నా పక్కన కూర్చున్న ఆవిడ తన తోటికోడలి చరిత్రంతా చెప్పింది. ముందు సీటులో ఒకాయన విరిగిన చేతికి కట్టు కట్టించుకోవడానికి పుత్తూరు వెళుతున్నాడు. ఆ పక్క ఎముకలు విరిగితే ఆసుపత్రి కంటే ముందు పుత్తూరు కట్టే గుర్తొస్తుందట. చెయ్యి ఎలా విరిగిందని అడిగితే, "మామిడిచెట్టు మింద నుంచి పడినా," అన్నాడు. ఎందుకెక్కారంటే, "కాయలు కోసేదానికి ఎక్కినా. చెట్టు నాది కాదులే," అని నిదానంగా చెప్పాడు. ఆ నిజాయితీకి నాకు నవ్వొచ్చింది.

పుత్తూరులో బస్సు పది నిమిషాలు ఆగుతుందన్నారు. ఎదురుగా చెట్టు కింద చెప్పులు కుట్టే ముసలాయన కనబడితే దిగాను. మా ఊళ్ళో యాభై అడిగే పనికి ఆయన ఇరవై అడిగాడు. సూది దారంతో సగం కుట్టాడో లేదో, పది నిమిషాలు కాస్తా నాలుగు నిమిషాలై బస్సు హారన్ కొట్టింది. ఇరవై రూపాయలు ఇచ్చి, ఒక చెప్పుతో బస్సెక్కాను. రెండోది ఆయన చేతిలోనే ఉండిపోయింది. బస్సు కదిలాక కిటికీలోంచి చూస్తే, ఆయన దారం పంటితో తెంపుకుంటూ పరిగెత్తి వస్తున్నాడు. కండక్టరు విజిలేశాడు. చెప్పు వెనక కిటికీలోంచి లోపలికి వచ్చి, ఒకరి చేతిలోంచి ఒకరి చేతికి మారుతూ నా ఒళ్ళో పడింది. మామిడికాయల దొంగాయన కూడా బాగున్న చేత్తో ఒకసారి అందుకున్నాడు. అన్ని చేతులు మారిన చెప్పును కాలికి వేసుకోవడానికి సిగ్గనిపించింది గానీ వేసుకున్నాను.

సత్యవేడు: సంగటి, ఉర్లగడ్డ

నారాయణవనం, పిచ్చాటూరు, నాగలాపురం దాటేసరికి బోర్డుల మీద తమిళం ఎక్కువైంది. సత్యవేడులో ఫాదర్ గారు స్కూటరు మీద వచ్చి నన్ను ఎక్కించుకున్నారు. నలభై ఏళ్ళుంటాయి, చిత్తూరు పక్క మనిషి, ఏ మాటా పూర్తి గొంతుతో అనరు. గుడికి రేకుల కప్పు, సిమెంటు గచ్చు. మా వైపు రాతి గోపురాల గుళ్ళు చూసిన కంటికి మొదట చిన్నబోయినట్టు అనిపించింది. లోపల నేల మాత్రం అద్దంలా తుడిచి ఉంది.

ఫాదర్ గారి ఇంట్లో వంట చేసే అవ్వ మధ్యాహ్నం రాగి సంగటి, శెనక్కాయల ఊరుబిండి పెట్టింది. మా వైపు పచ్చడి అన్నంలోకి తోడు. అక్కడ ఊరుబిండి లేకపోతే సంగటి గొంతు దిగదు. సాయంత్రం ఏం కూరని అడిగితే "ఉర్లగడ్డ" అంది. అదేం గడ్డో చూపించమన్నాను. బంగాళాదుంప తెచ్చి చూపించి, గుంటూరులో ఇది పండదా అని జాలిపడింది.

మరునాడు శుక్రవారం శిక్షణ మొదలైంది. పదిమంది టీచర్లు రావాలి, తొమ్మిది మందే వచ్చారు. అందులో ఒకాయన ట్రాక్టరు నడుపుతాడు, ఇద్దరు అంగన్‌వాడీలో పనిచేస్తారు, మిగిలినవాళ్ళు శ్రీ సిటీ కంపెనీలకు పోయే ఆడపిల్లలు. రాని అమ్మాయి పేరు జయశీలి. నేను పరీక్షించాల్సిన తొమ్మిది మందీ ఆ అమ్మాయి తరగతి పిల్లలే. రాత్రి షిఫ్టు చేసి వచ్చి పడుకుందని, సాయంత్రం తరగతి దగ్గర కలుస్తుందని చెప్పారు.

నేను ఎక్కడికి వెళ్ళినా బల్ల మీద మొదట మూడు సూత్రాలు రాస్తాను. ఒక ప్రశ్న ఒకే బిడ్డను అడగాలి. జవాబు ఆ బిడ్డే చెప్పాలి. పక్కవాళ్ళు అందిస్తే ఇద్దరికీ సున్నా. అందరూ నోటు పుస్తకాల్లో రాసుకున్నారు. ట్రాక్టరాయన ఒక్కడూ రాసుకోకుండా, "జయశీలి కాడ అట్ల కుదరదు మేడమ్," అన్నాడు. కుదరకపోతే కుదిర్చుకోవాలని చెప్పి పాఠంలోకి వెళ్ళిపోయాను. ఎందుకు కుదరదో అడిగి ఉంటే ఈ యాత్రలో రాయడానికి సంగటి, ఉర్లగడ్డ తప్ప ఏమీ మిగిలేది కాదు.

లైన్ ఇళ్ళ వరండాలో

కంపెనీల్లో పనిచేసేవాళ్ళు అద్దెకుండే గదులు ఊరి చివర వరసగా ఉంటాయి. వాటిని లైన్ ఇళ్ళంటారు. ఒక్కో గదికి మూడు వేల అద్దె. తమిళులు, ఒరియావాళ్ళు, ఈ పక్క పల్లెలవాళ్ళు, అందరికీ ఒకటే కొళాయి. జయశీలి తరగతి అక్కడే, కుప్పమ్మ అనే ఆవిడ వరండాలో జరుగుతుంది. కుప్పమ్మ మా మతం మనిషి కాదు. ఆవిడ గుమ్మం పైన వెంకటేశ్వరస్వామి పటం ఉంది. లైన్లో పెద్ద వరండా ఆవిడదే కాబట్టి పిల్లలు అక్కడ కూర్చుంటారు.

మా వైపు సత్యోపదేశం అంటే ఆదివారం, పూజ అయ్యాక, గంట కొట్టి మొదలుపెట్టేది. ఇక్కడ ఆదివారం అందరికీ సెలవు కాదు. జయశీలికి వారంలో ఏ రోజు సెలవొస్తే ఆ రోజు తరగతి. ఒక వారం మంగళవారం, ఒక వారం శుక్రవారం. పిల్లలు కంపెనీ రోస్టరు కంఠస్థం చేసి ఉన్నారు.

ఆ సాయంత్రం నేను వెళ్ళేసరికి జయశీలి లేదు. ఎవరో రాలేదని కంపెనీవాళ్ళు మధ్యాహ్నమే పిలిపించుకున్నారట.

"ఓటీ అని బండి పంపించినారమ్మా," అంది కుప్పమ్మ. "కళ్ళు గూడా కడుక్కోకుండా పోయింది బిడ్డ. నువ్వు అడగాల్సింది అడుగు, పిల్లోళ్ళు సెప్తారు."

ఎనిమిది, తొమ్మిదేళ్ళ పిల్లలు. ఇద్దరిద్దరు పక్కపక్కన కూర్చున్నారు. చివర ఒక పాప మాత్రం ఒంటరిగా ఉంది. మొదటి వరసలో అంతోని అనే పిల్లవాణ్ణి లేపి, దేవుని పది ఆజ్ఞల్లో నాలుగోది చెప్పమన్నాను. వాడు చక్కగా లేచి నిలబడి, పక్కనున్న అమ్మాయి వైపు చూశాడు. ఆ అమ్మాయి లేచి, "నీ తల్లిదండ్రులను" అని మొదలుపెట్టింది.

"నిన్ను కాదమ్మా అడిగింది. కూర్చో," అన్నాను.

అంతోని మాట్లాడలేదు. ఇంకొకరిని లేపాను. అదే తంతు. లేచినవాళ్ళు పక్కవాళ్ళను చూస్తారు, పక్కవాళ్ళు అందించబోతారు. నా మూడో సూత్రాన్ని తొమ్మిది మంది కలిసి కాళ్ళకింద వేసి తొక్కుతున్నట్టనిపించింది. ఒక పిల్లవాడు, "మా రూలు అట్ల లేదు టీచర్," అని నసిగాడు. రూలు పరీక్ష పెట్టేవాళ్ళదని చెప్పాను. మంచి కోపంలో ఉన్నాను.

చివరికి ఒంటరిగా కూర్చున్న పాపను లేపాను. పేరు లూర్దుమేరి, అందరూ లూర్దు అంటారు. సన్నగా, రెండు జడలు బిగించి కట్టుకుని ఉంది. ప్రశ్న అడగ్గానే లేచి, పక్కనున్న ఖాళీ చోటు వైపు చూసి, తల దించుకుంది.

"నీకు జవాబు వచ్చా?"

"వచ్చు టీచర్."

"అయితే చెప్పు."

"చెప్పకూడదు టీచర్."

ముప్పై ఏళ్ళలో ఏ పిల్లా నాతో అలా అనలేదు. పొగరనుకున్నాను. సంచీలోంచి ఎర్ర పెన్ను తీసి, ఫాదర్ గారిచ్చిన కాగితం మీద తొమ్మిది పేర్లకూ కలిపి ఒకటే మాట రాశాను, 'సిద్ధంగా లేరు' అని. పిల్లలు ఆ పెన్ను వైపే చూస్తూ ఉన్నారు. ఎవరూ ఏడవలేదు.

ఫాదర్ గారు కాగితం రెండుసార్లు చదివారు. "మీరు ఆపమంటే ఆపుతా టీచర్ గారూ. మళ్ళా వచ్చే ఏడాదే. రేపు సాయంత్రం దాకా ఇళ్ళల్లో చెప్పను," అన్నారు. తర్వాత ఇంకో మాట అన్నారు. "ఆ లూర్దు వాళ్ళకు మాత్రం వచ్చే ఏడాది ఈడ ఉండదు. వాళ్ళ నాయన కాంట్రాక్టు పని ఈ నెలాఖరుతో సరి. చెన్నై అవతలికి పోతారు. ఆడ మళ్ళీ మొదట్నుంచి మొదలుపెట్టాల."

అయినా రాసిన మాట సరైనదేనని నాకు నేను చెప్పుకున్నాను.

స్క్రూలు బిగించే పాఠం

శనివారం పొద్దున ఏడు గంటలకు జయశీలి వచ్చింది. కంపెనీ బస్సు దిగి ఇంటికి కూడా పోకుండా, నీలం యూనిఫాంతోనే ఫాదర్ గారి వరండాలో నిలబడింది. ఇరవై ఆరేళ్ళుంటాయి. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. కుప్పమ్మ ఫోను చేసి అంతా చెప్పిందట.

"పిల్లోళ్ళది తప్పు కాదు టీచర్," అంది. "నాది. మా పద్ధతి మీకు చెప్పకుండా డ్యూటీకి పోయినా."

కూర్చోమన్నాను. కూర్చోలేదు. నిలబడే చెప్పింది.

"కంపెనీలో చేరినప్పుడు నాకు స్క్రూలు బిగించే పని ఇచ్చినారు. నేర్పించింది ఒరియా పిల్ల. తనకు తెలుగు రాదు, నాకు ఒరియా రాదు. తను చేసి చూపించింది, నేను చేసినా. ఆడితో అయిపోలేదు. ఇంగో కొత్తపిల్లను తెచ్చి నా పక్కన నిలబెట్టినారు. ఆ పిల్ల నా కాడ నేర్చుకుని సరిగ్గా బిగించిన రోజే నాకు పని వచ్చిందని కాగితం మింద రాసినారు. అంతవరకు నాకు రానట్టే లెక్క."

"అయితే?"

"వచ్చిందా అని అడిగితే పిల్లోళ్ళు అందరూ వచ్చిందనే అంటారు టీచర్. ఇంకొకళ్ళకు నేర్పించినాకనే తెలుస్తాది. అందుకని ఇద్దరిద్దర్ని జత చేసినా. ఎవుర్ని అడిగితే వాళ్ళు లేస్తారు. జవాబు చెప్పేది వాళ్ళ జత. జత తప్పు చెప్తే, తప్పు నేర్పించినోళ్ళది. నేర్పించినోళ్ళు తల ఊపేదాకా చెప్పినోళ్ళు కూర్చోకూడదు."

నాకు సిగ్గేసింది. నిన్న అంతోని ఎంత చక్కగా లేచి నిలబడ్డాడో, ఆ అమ్మాయి వైపు ఎంత నమ్మకంగా చూశాడో అప్పుడు గుర్తొచ్చింది. వాడు జవాబు అడుక్కోవడం లేదు. తను నేర్పిన పాఠాన్ని నాకు చూపించబోతున్నాడు. నేను దాన్ని కాపీ అనుకుని కూర్చోబెట్టేశాను.

"మరి లూర్దు?"

జయశీలి మొహం వాడిపోయింది. "దాని జత ఒరియావాళ్ళ బిడ్డ టీచర్. పోయిన నెల వాళ్ళు ఊరికి ఎళ్ళిపోయినారు. లూర్దుకు అన్నీ వచ్చు. నేను పాస్ అంటాను, అది ఒప్పుకోదు. నేను ఎవురికీ నేర్పించలేదు గదక్కా, ఇంకా కాలేదు అంటాది. వాళ్ళ అవ్వకు చెప్పబోయింది, అవ్వకు చెవుడు. తమ్ముడికి చెప్పబోయింది, వాడికి రెండేళ్ళు."

ఆ పూట శిక్షణను ఒక గంట ఆపి, అందరినీ వెంటబెట్టుకుని లైన్ ఇళ్ళకు వెళ్ళాను. ముందు పిల్లలకు నా తప్పు చెప్పాను. పిల్లలకు తప్పు ఒప్పుకోవడం నాకు అలవాటు లేదు, మాటలు సరిగ్గా కుదరలేదు. "ఫరవాలేదు టీచర్," అన్నాడు అంతోని పెద్దమనిషిలా. తర్వాత వాళ్ళ రూలు ప్రకారమే అడిగాను. ఎనిమిది మందీ నిలబడ్డారు, వాళ్ళ జతలు జవాబులు చెప్పారు. ఒకచోట విశ్వాస సంగ్రహం అనే జపంలో ఒక వాక్యం తప్పిపోతే, నేర్పిన పిల్ల పెదవి కొరుక్కుని, చెప్పిన పిల్లవాడి చెవిలో ఏదో అని, మళ్ళీ మొదటి నుంచి చెప్పించింది. వాడు కూర్చునేముందు ఆ పిల్ల వైపు చూశాడు. తల ఊపాక కూర్చున్నాడు. నా పక్కన ట్రాక్టరాయన నోటు పుస్తకం తీసి ఇప్పుడు రాసుకుంటున్నాడు.

"మీకు రాదు టీచర్"

లూర్దు ఒక్కతే మిగిలింది. ఖాళీ చోటు పక్కన అలాగే కూర్చుంది.

"దాని మొండితనం సూడమ్మా," అంది కుప్పమ్మ. "నాకు నేర్పించవే అన్నా. ఈ వరండాలో కూసోని కూసోని నాకు జపాలన్నీ వచ్చేసినాయి గదా, అందుకని ఒప్పుకోలేదు. నీకు ముందే వచ్చు, నేను నేర్పించినట్టు కాదు అనేసింది."

నేను వెళ్ళి ఆ ఖాళీ చోటులో కూర్చున్నాను. మోకాళ్ళు పటపటమన్నాయి.

"నీ జతగా నేనుంటాను. నాకు నేర్పించు," అన్నాను.

లూర్దు నన్ను ఎగాదిగా చూసింది. "మీరు టీచర్లకే టీచర్ గదా. మీకు అన్నీ వచ్చు."

అబద్ధం చెప్పలేను, ఈ పిల్లను బుజ్జగించి ఒప్పించడమూ కుదరదని అర్థమైంది. సరే, జపంతో మొదలుపెడదామని, అలవాటు ప్రకారం సిలువ గుర్తు వేసుకున్నాను. నుదురు, రొమ్ము, ఎడమ భుజం, కుడి భుజం తాకుతూ, పితాపుత్ర పవిత్రాత్మ నామమున ఆమెన్ అనడం. మాకు ప్రతి పనికీ మొదలు అదే. అరవై ఏళ్ళుగా రోజుకు పదిసార్లయినా వేసుకుంటున్నాను.

లూర్దు నా చేతి వైపే చూసింది. మొహం మారింది.

"మీకు సిలువ గుర్తు రాదు టీచర్," అంది.

జయశీలి కంగారుపడి ఏదో అనబోతే ఆపాను. "ఎలా వేశాను?" అని అడిగాను. పాప నన్ను అనుకరించి చూపించింది. ముఖం ముందు దోమను తోలుకున్నట్టుంది. కుప్పమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాకు నవ్వు రాలేదు. నిజంగా అలాగే వేసుకుంటానని నాకు తెలుసు. ఎప్పటి నుంచో గుర్తు లేదు. మా ఆయన పోయినప్పుడు, శవపేటిక పక్కన నిలబడి వేసుకున్నది కూడా ఇలాంటిదే అయ్యుంటుంది.

"నేర్పించు," అన్నాను.

నేర్పించింది. మొదట తను చేసి చూపించింది. నుదుటి దగ్గర చెయ్యి ఆగింది. "ఈడ నాయన. చెయ్యి ఆనేదాకా ఇంకో మాట రాకూడదు." రొమ్ము దగ్గర ఆగింది. "ఈడ కొడుకు." ఒక భుజం, ఇంకో భుజం. "ఈ రెండిటికీ నడాన పవిత్రాత్మ. తొందరగా పోతే ఆయన మింద నుంచి దూకేసినట్టు." స్క్రూలు బిగించే చోట నేర్చుకున్న పద్ధతి, జయశీలి చేతి నుంచి ఈ పాప చేతికి వచ్చినట్టుంది. నేను చేశాను. "మళ్ళా," అంది. చేశాను. "మళ్ళా." కుడి భుజానికి చేరేసరికి ఎప్పుడూ నా చెయ్యి జారిపోతోంది. ఎన్నిసార్లు చేయించిందో లెక్కపెట్టలేదు. చివరికి, "రేపటికి ఇంట్లో చేసుకోండి," అని వదిలిపెట్టింది. తల మాత్రం ఊపలేదు.

ఫాదర్ గారికి అంతా చెప్పి, కాగితం మీద నేను రాసిన మాట కొట్టేసి ఎనిమిది పేర్ల పక్కన సంతకం పెట్టాను. లూర్దు పేరు పక్కన ఏం రాయాలని అడిగాను. "ఈడ మా గుళ్ళో ఒక అలవాటు ఉండాది," అన్నారాయన. "పూజకు ముందర అందరి ఎదురుగా ఒక్కో బిడ్డను ఒక్కో ప్రశ్న అడుగుతా. దానికి గూడా ఆడనే తేలిపోతాది. అప్పటిదాకా ఆ చోటు ఖాళీగా పెట్టండి."

ఆదివారం

గుడి నిండిపోయింది. తమిళంలో ఒక పాట, తెలుగులో ఒక పాట. ముందు వరసలో తెల్లబట్టల్లో తొమ్మిది మంది. లూర్దు వాళ్ళ నాయన చొక్కా మీద ఇస్త్రీ మడతలు ఇంకా పోలేదు. జయశీలి రాత్రి షిఫ్టు నుంచి నేరుగా వచ్చి, నీలం యూనిఫాంతో వెనక గోడకు ఆనుకుని నిలబడింది. కుప్పమ్మ కూడా వచ్చి గుమ్మం దగ్గర కూర్చుంది. నేను రెండో వరసలో ఉన్నాను. పొద్దున్నే లేచి గది తలుపేసుకుని అద్దం ముందు అభ్యాసం చేశానని ఇప్పుడు చెప్పడానికి నాకేం అభ్యంతరం లేదు.

ఎనిమిది మందిని అడిగారు. ఒక్కొక్కరి జతా లేచి జవాబు చెప్పారు. ఫాదర్ గారు లూర్దు దగ్గరికొచ్చారు.

"నీ జత ఎవరమ్మా?"

లూర్దు వెనక్కి తిరిగి నా వైపు చూసింది. గుడంతా తిరిగి చూసింది.

"ఏం నేర్పించినావు?"

"సిలువ గుర్తు ఫాదర్."

వెనక ఎవరో నవ్వారు. నేను లేచాను. గుంటూరు నుంచి వచ్చి టీచర్లకు పాఠాలు చెప్పిన మనిషికి సిలువ గుర్తు పరీక్ష. అయినా ఆ క్షణంలో నాకు పరువు గుర్తుకు రాలేదు. ఆ పాప నెలాఖరుకు ఊరు వదిలి వెళ్ళిపోతుంది. ఈ తెల్లగౌను వచ్చే ఏడాదికి పొట్టి అవుతుంది. తనకు వచ్చిందో లేదో ఇప్పుడు నా చెయ్యి చెప్పాలి.

నుదురు. ఆగింది. రొమ్ము. ఆగింది. ఎడమ భుజం దాకా బాగానే వెళ్ళి, అక్కడి నుంచి అరవై ఏళ్ళ అలవాటు లాక్కుపోయింది. కుడి భుజం తాకీ తాకకుండా జారి, ఆమెన్ ముందే వచ్చేసింది.

"మళ్ళా," అంది లూర్దు. గొంతు పెద్దది చేయలేదు. గుడిలో ఇంకెవరూ నవ్వలేదు.

మళ్ళీ మొదలుపెట్టాను. ఈసారి నుదుటి దగ్గర చెయ్యి వేడిగా తగిలింది. రొమ్ము దగ్గర గుండె కొట్టుకోవడం తెలిసింది. ఎడమ భుజం. కుడి భుజానికి చెయ్యి ఆనేదాకా మాట ఆపుకున్నాను. ఆనింది. అప్పుడు ఆమెన్ అన్నాను. నాకు కళ్ళు చెమర్చాయి.

"కూర్చోండి టీచర్ గారూ," అన్నారు ఫాదర్ గారు.

నేను కూర్చోలేదు. లూర్దు వైపు చూశాను. ఆమె కాసేపు నా చేతి వైపు చూసి, తల ఊపింది. అప్పుడు కూర్చున్నాను.